వైను బప్పు

మనాలి కల్లాట్ వైను బప్పు (ఆగష్టు 10, 1927 – ఆగష్టు 19, 1982) ప్రముఖ భారతీయ ఖగోళ శాస్త్రవేత్త. స్వాతంత్ర్యానంతర భారతదేశంలో ఆధునిక ఖగోళ పరిశోధనకు పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడు. హైదరాబాదులోని నిజామియా వేధశాల ఆవరణలో పెరిగి, నిజాం కళాశాలలో చదివి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందాడు. ఒక తోకచుక్కకు, నక్షత్రాల వర్ణపటంలో కనిపించే ఒక ధర్మానికి ఇతని పేరు ఉంది. తమిళనాడులోని కావలూరు వేధశాలను స్థాపించాడు. భారతీయ తారాభౌతిక సంస్థకు మొదటి సంచాలకుడు. అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడైన మొదటి భారతీయుడు.

బప్పు కుటుంబం కేరళకు చెందినది, ఇతడు పుట్టినది మద్రాసులో. అయినా ఆకాశాన్ని చూడటం నేర్చుకున్నది హైదరాబాదులోనే. అందుచేత తెలుగునాట ఖగోళ శాస్త్ర చరిత్రలో ఇతని ప్రస్తావన తప్పనిసరి.

నిజామియా వేధశాల నేపథ్యం

హైదరాబాదు సంస్థానానికి చెందిన జాగీర్దారు నవాబు జాఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుండి తెప్పించిన పరికరాలతో ఫిసల్‌బండలో ఒక వేధశాలను నెలకొల్పాడు. అతడు 1907లో మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం ఆ బాధ్యతను స్వీకరించింది. మొదటి సంచాలకుడు ఏ.బి. ఛాట్‌వుడ్ కాలంలో వేధశాల బేగంపేటకు మారింది. 1919లో ఇది ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చింది.

ఈ వేధశాలకు ప్రపంచ ఖగోళ చరిత్రలో స్థానం సంపాదించి పెట్టినది నక్షత్రాల పట్టిక. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి, ప్రతి నక్షత్రం స్థానాన్ని కొలిచి, ఒక మహా పట్టికగా ప్రచురించాలని నిర్ణయించారు. ఏ ఒక్క దేశమూ, ఏ ఒక్క వేధశాలా చేయగల పని కాదది. అందువల్ల ఆకాశాన్ని పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క వేధశాలకు అప్పగించారు. చిలీ దేశపు శాంటియాగో వేధశాల తన వంతు పని పూర్తి చేయలేకపోవడంతో, దక్షిణ ఆకాశంలో 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. తరువాత జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాలకు కేటాయించిన ఉత్తరపు పట్టీలో 36 నుండి 39 డిగ్రీల భాగాన్ని కూడా హైదరాబాదే చేపట్టింది. 8 అంగుళాల ఫొటో దూరదర్శినితో గాజు పలకల మీద చిత్రాలు తీయడం, ఆ పలకల మీద చుక్కలను సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటిగా కొలవడం, కొలతలను లెక్కించి పట్టికలలోకి ఎక్కించడం - ఇదంతా చేతిపని. ఆర్.జె. పోకాక్, ఆ తరువాత టి.పి. భాస్కరన్ సంచాలకులుగా ఉన్న కాలంలో ఈ కృషి 12 సంపుటాలుగా వెలువడింది.

నేడు ఒక పెద్ద లెక్కను వేలాది ఇళ్ళలోని కంప్యూటర్లకు పంచి చేయించడం కొత్త సంగతిగా కనిపిస్తుంది. 1999లో మొదలై 2020లో నిలిచిపోయిన సెటి ఎట్ హోమ్ పథకంలో లక్షలాది మంది స్వచ్ఛందంగా తమ కంప్యూటర్లను ఆకాశం నుండి వచ్చే వింత రేడియో సంకేతాలను వెదకడానికి వినియోగించారు. కాని పనిని పంచుకోవడమనే పద్ధతి ఖగోళ శాస్త్రంలో అంతకు వంద సంవత్సరాల పూర్వమే ఉన్నది. అప్పట్లో కంప్యూటర్ అనే మాటకు యంత్రమని కాక, లెక్కలు కట్టే మనిషి అని అర్థం. బేగంపేటలో అటువంటి మనుషుల మధ్య బప్పు పెరిగాడు.

బాల్యం, విద్యాభ్యాసం

బప్పు తండ్రి సునన్న బప్పు నిజామియా వేధశాలలో సహాయకుడిగా పనిచేసేవాడు. వైను బప్పు అతనికి ఏకైక సంతానం. దూరదర్శిని ఈ పిల్లవాడికి ఏ ప్రదర్శనశాలలోనో చూసే వింత వస్తువు కాదు, తండ్రి రోజూ వెళ్ళి పనిచేసే సాధనం. రాత్రుళ్ళు మేలుకొని ఉండటం, మబ్బు పడితే నిరాశ చెందటం, మరునాడు కొలతలు సరిచూసుకోవటం వంటి క్రమశిక్షణ అతనికి ఇంటి నుండే అబ్బింది.

1930లు, 40లలో బేగంపేట ఊరి శివారు. దానికి పడమరగా, ఈనాడు జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ అని పిలువబడే ప్రాంతమంతా రాతి గుట్టలు, ముళ్ళపొదలు. జూబ్లీహిల్స్‌లో ఇళ్ళ సంఘం ఏర్పడినది 1960లలో. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి తరలివచ్చి అక్కడ స్థిరపడినది ఆ తరువాతి దశాబ్దాలలో. బప్పు విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ దిక్కున ఆకాశాన్ని చెడగొట్టే దీపాలు లేవు. దక్కను పీఠభూమి మీద వేసవికి ముందు నెలలలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. నగరం పెరిగిన తరువాత బేగంపేట నుండి మసక నక్షత్రాలను పరిశీలించడం కష్టమైపోయి, ఉస్మానియా విశ్వవిద్యాలయం నగరానికి దూరంగా జాపాల-రంగాపూరు వద్ద 48 అంగుళాల దూరదర్శినితో మరొక వేధశాలను నిర్మించుకోవలసి వచ్చింది.

నిజాం కళాశాలలో భౌతిక శాస్త్రం చదువుతున్న రోజులలోనే బప్పు చరతారలను పరిశీలించడం మొదలుపెట్టాడు. కాలానుగుణంగా వెలుగు పెరిగి తరిగే నక్షత్రాలను చరతారలు అంటారు. వాటిలో కొన్నింటి చక్రం పూర్తి కావడానికి సంవత్సరం దాకా పడుతుంది. వృత్తి శాస్త్రవేత్తలకు అన్నింటినీ కనిపెట్టుకొని ఉండే తీరిక దొరకదు. అందుచేత ప్రపంచమంతటా ఔత్సాహికులు, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా, ఈ తారల వెలుగును అంచనా కట్టి నమోదు చేస్తూ వచ్చారు. పద్ధతి సులభం: చరతారను దాని చుట్టుపక్కల ఉన్న, వెలుగు ముందే తెలిసిన స్థిర తారలతో పోల్చి, దేనికంటే ఎక్కువ, దేనికంటే తక్కువ అని కంటితో నిర్ణయించాలి.

సులభమైన ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. దీర్ఘకాలిక చరతారలు చాలావరకు ఎర్రనివి. పోల్చే తారలు తెల్లవి కావచ్చు. మనిషి కన్ను ఎరుపును, తెలుపును ఒకే తీరున గ్రహించదు. వెలుగు తగ్గుతున్న కొద్దీ ఈ తేడా మారుతుంది; ఎర్రని చుక్కను తదేకంగా చూస్తూ ఉంటే అది మరింత కాంతివంతంగా అనిపిస్తుంది. కనుక ఇద్దరు పరిశీలకులు ఒకే రాత్రి ఒకే తారకు వేరు వేరు వెలుగులు నమోదు చేస్తే, తేడా తారలో ఉందా కన్నులో ఉందా అని తేల్చుకోవాలి. దీర్ఘకాలిక చరతారల పరిశీలన మీద రంగు ప్రభావాన్ని గురించి బప్పు 1946లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. అప్పటికి అతని వయస్సు 19 సంవత్సరాలు. వచ్చిన సంకేతాన్ని నమ్మేముందు దానిని అందుకున్న సాధనాన్ని శంకించాలనే జాగ్రత్త అతని తరువాతి పరిశోధనలన్నిటిలోనూ కనిపిస్తుంది.

చదువుతో పాటు చిత్రలేఖనం, తోటపని, ఉర్దూ కవిత్వం అతనికి ఇష్టమైన విషయాలు. గాలిబ్ కవిత్వం పట్ల అతని మక్కువ హైదరాబాదు వాతావరణం ఇచ్చిన కానుకే.

హార్వర్డ్‌లో తోకచుక్క

అప్పటి హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో, హార్వర్డ్ వేధశాల సంచాలకుడు హార్లో షాప్లీ ప్రోత్సాహంతో బప్పు 1949లో అమెరికా చేరాడు. సంస్థానం భారత యూనియన్‌లో విలీనమై అప్పటికి కొద్ది నెలలే అయింది.

ఆ సంవత్సరం జూలై 2న తాను తీసిన ఫొటోగ్రాఫిక్ ప్లేటును పరిశీలిస్తుండగా బప్పుకు నక్షత్రాల మధ్య ఒక అస్పష్టమైన మరక కనిపించింది. ప్లేట్ల మీద మరకలు అపురూపం కాదు. రసాయనం సరిగా అంటకపోయినా, గాజులో లోపం ఉన్నా, కటకంలో ఏదైనా ప్రకాశవంతమైన తార ప్రతిబింబించినా ఇటువంటివి వస్తాయి. వందలో తొంభైకి పైగా ఇటువంటి అనుమానాలు ఉత్తవిగా తేలుతాయి. తేల్చుకోవడానికి ఒకటే మార్గం: అదే చోటును మళ్ళీ ఫొటో తీయడం. మరక నిజంగా తోకచుక్క అయితే నక్షత్రాలతో పోలిస్తే చోటు మారుతుంది. అది మారింది. బప్పు, అతని ఆచార్యుడు బార్ట్ బోక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్ పేర్లతో అది బప్పు-బోక్-న్యూకర్క్ తోకచుక్కగా నమోదైంది. పసిఫిక్ ఖగోళ సంఘం ఇందుకు బప్పుకు డోనోహో తోకచుక్క పతకాన్ని ఇచ్చింది. భారతీయుని పేరు గల తోకచుక్క ఇది.

1952లో డాక్టరేటు పూర్తి చేసి, కార్నెగీ ఫెలోషిప్ పొంది, బప్పు కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలలకు వెళ్ళాడు. ఆ ఫెలోషిప్ పొందిన మొదటి భారతీయుడు ఇతడే. 200 అంగుళాల హేల్ దూరదర్శిని అప్పట్లో ప్రపంచంలో కెల్లా పెద్దది.

విల్సన్-బప్పు ప్రభావం

బప్పు పేరు ఖగోళ శాస్త్ర పాఠ్య గ్రంథాలలో నిలిచినది ఈ ఆవిష్కరణ వలన. దీనిని కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం.

సూర్యుని వంటి లేదా సూర్యుని కంటే చల్లని నక్షత్రం నుండి వచ్చే కాంతిని పట్టకం వంటి సాధనంతో విడదీస్తే, ఊదా రంగు చివర కాల్షియం వల్ల ఏర్పడే రెండు వెడల్పైన నల్లని గీతలు కనిపిస్తాయి. వాటిని హెచ్, కె రేఖలు అంటారు. నక్షత్రపు పైపొరలలోని కాల్షియం ఆ రంగు కాంతిని మింగివేయడం వలన అక్కడ చీకటి ఏర్పడుతుంది. అయితే అనేక నక్షత్రాలలో ఈ నల్లని గీత నట్టనడుమ సన్నని వెలుగు గీత ఒకటి ఉంటుంది. నక్షత్రపు ఉపరితలానికి పైన ఉండే వేడి పొర, అంటే వర్ణావరణం, దీనికి కారణం.

ఈ వెలుగు గీత కొన్ని తారలలో బలంగా, కొన్నింటిలో బలహీనంగా ఉంటుంది. దానిని చూసిన ఎవరికైనా ముందుగా తట్టే ప్రశ్న ఆ వెలుగు ఎంత అన్నదే. మౌంట్ విల్సన్‌లో ఓలిన్ విల్సన్ మాత్రం వెలుగు కంటే వెడల్పు మీద దృష్టి పెట్టాడు. బప్పు అతనితో కలిసి 185 నక్షత్రాల వర్ణపటాలను కొలిచాడు. వచ్చిన ఫలితం ఊహించనిది. వెలుగు గీత బలంగా ఉన్నా బలహీనంగా ఉన్నా, నక్షత్రపు ఉష్ణోగ్రత కొంత హెచ్చైనా తగ్గైనా, గీత వెడల్పు ఒక్క విషయాన్నే అనుసరిస్తున్నది - ఆ నక్షత్రపు అసలు తేజస్సును. మరుగుజ్జు తారలలో గీత సన్నగా, రాక్షస తారలలో వెడల్పుగా, మహారాక్షస తారలలో మరింత వెడల్పుగా ఉంది. వెడల్పు సంవర్గమానాన్ని, తేజస్సును గ్రాఫు మీద గుర్తిస్తే చుక్కలన్నీ ఒక సరళరేఖ వెంట బారులు తీరాయి. తేజస్సులో లక్షల రెట్లు తేడా ఉన్న తారలు కూడా ఆ ఒక్క రేఖనే అంటిపెట్టుకొని ఉండటం విశేషం.

దీని ప్రయోజనం ఏమిటంటే, నక్షత్రం ఎంత దూరంలో ఉందో తెలియనప్పుడు, అది దగ్గరగా ఉన్న చిన్న దీపమో, దూరంగా ఉన్న పెద్ద దీపమో చెప్పడం సాధ్యం కాదు. కంటికి రెండూ ఒకటే. గీత వెడల్పు కొలిస్తే అసలు తేజస్సు తెలుస్తుంది. అసలు తేజస్సును, మనకు కనిపించే వెలుగును పోల్చితే దూరం తెలుస్తుంది. అంటే, ఒక సన్నని గీత అడ్డుకొలత నుండి నక్షత్రం దూరాన్ని రాబట్టవచ్చునన్న మాట.

బప్పు భారతదేశానికి తిరిగి వచ్చిన తరువాత, 1957లో ఈ ఫలితం ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వెలువడింది. గురుత్వాకర్షణ తక్కువగా ఉన్న పెద్ద తారలలో వర్ణావరణం మందంగా ఉండటం దీనికి ముఖ్య కారణమని తరువాతి పరిశోధకులు భావించారు. కారణం సంపూర్ణంగా బోధపడక ముందే ఈ సూత్రం కొలబద్దగా వాడుకలోకి రావడం గమనించదగ్గది. కొడైకెనాల్ వెళ్ళిన తరువాత కూడా బప్పు దీనిని విడిచిపెట్టలేదు. నక్షత్రాలన్నీ చుక్కలుగానే కనిపిస్తాయి కాబట్టి, వాటిపై ఏ భాగం ఆ వెలుగును పుట్టిస్తున్నదో చూడలేము. సూర్యుని మీద చూడవచ్చు. కె.ఆర్. శివరామన్‌తో కలిసి సూర్యుని వర్ణావరణంలోని సూక్ష్మ భాగాల గీతల వెడల్పులను కొలిచి, నక్షత్రాల ఫలితంతో సరిపోల్చాడు.

స్వదేశంలో వేధశాలల నిర్మాణం

అమెరికాలో ఉండిపోగల అవకాశం ఉన్నా బప్పు 1953లో స్వదేశానికి వచ్చాడు. అప్పటికి భారతదేశంలో నక్షత్రాల పరిశోధనకు పనికివచ్చే పెద్ద దూరదర్శిని లేదు. 1954లో ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వ వేధశాలకు అధిపతిగా నియమితుడయ్యాడు. వారణాసిలో ఉన్న ఆ సంస్థను 1955లో నైనితాల్‌కు తరలించి, సమీపంలోని మనోరా శిఖరాన్ని శాశ్వత స్థలంగా ఎంపిక చేశాడు.

1960లో కొడైకెనాల్ వేధశాల సంచాలకుడయ్యాడు. అప్పటికి ఇతని వయస్సు 33 నిండలేదు. అది సూర్యుని పరిశోధనలో పేరుపొందిన సంస్థ. రాత్రి ఆకాశం మీద అక్కడ శ్రద్ధ అంతగా లేదు. వర్షాలు, మంచు వలన రాత్రి పరిశీలనకు ఆ కొండ అనుకూలం కూడా కాదు. బప్పు మరొక చోటు కోసం దక్షిణ భారతమంతా గాలించి, తమిళనాడులో జవ్వాది కొండలలోని కావలూరును ఎంచుకున్నాడు. వాణియంబాడి దగ్గరలోని ఈ అడవి గ్రామం చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతానికి ఎంతో దూరం కాదు. 12.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నందువల్ల ఐరోపా, ఉత్తర అమెరికా వేధశాలలకు అందని దక్షిణ ఆకాశం ఇక్కడి నుండి చాలావరకు కనిపిస్తుంది.

1968లో కావలూరులో మొదటి దూరదర్శిని పనిచేయడం ఆరంభించింది. దాని దర్పణం 38 సెంటీమీటర్లు మాత్రమే, అది కూడా కొడైకెనాల్ కర్మాగారంలో సొంతంగా తయారు చేసుకున్నది. 1971లో కొడైకెనాల్ వేధశాల స్వయంప్రతిపత్తి పొంది భారతీయ తారాభౌతిక సంస్థగా మారగా, బప్పు దానికి సంచాలకుడయ్యాడు. తరువాత సంస్థ ప్రధాన కార్యాలయం బెంగుళూరుకు మారింది. 1972లో జర్మనీలోని జైస్ సంస్థ తయారుచేసిన ఒక మీటరు దూరదర్శిని కావలూరుకు వచ్చింది. విదేశాల నుండి కొనుక్కోవడంతో ఆగిపోతే దేశంలో నైపుణ్యం పెరగదని బప్పు అభిప్రాయం. అందుచేత 2.34 మీటర్ల దర్పణాన్ని బెంగుళూరులో సానపట్టించి, మొత్తం దూరదర్శినిని దేశంలోనే నిర్మించే పథకాన్ని చేపట్టాడు.

కావలూరులో వింత సంకేతాలు

ఒక మీటరు దూరదర్శిని వచ్చిన ఏడాదే దానికి పరీక్ష ఎదురైంది. 1972 జూన్ 7న గురుగ్రహపు ఉపగ్రహం గనిమీడ్ ఒక మసక నక్షత్రానికి అడ్డుగా వచ్చింది. ఇటువంటి ఘటనను ఆచ్ఛాదనం అంటారు. అడ్డు వచ్చేది గాలి లేని బండరాయి అయితే నక్షత్రపు వెలుగు దీపం ఆర్పినట్లు తటాలున మాయమవుతుంది. వాయుమండలం ఉంటే వెలుగు మెల్లగా తగ్గుతుంది. కావలూరులోనూ, ఇండోనేషియాలోని లెంబాంగ్‌లోనూ పరిశీలించిన వారికి వెలుగు కొంత మెల్లగా తగ్గినట్లు తోచింది. గనిమీడ్‌కు పలుచని వాయుమండలం ఉందని 1973లో ప్రకటించారు. 1979లో వాయేజర్ నౌక అక్కడికి వెళ్ళినప్పుడు అంత వాయువు కనిపించలేదు. ఆ తరువాత 1990లలో హబుల్ దూరదర్శిని అత్యంత పలుచని ఆక్సిజన్ పొరను గుర్తించింది. కాబట్టి 1972 నాటి వాదం లెక్కలో తప్పు, ఊహలో పూర్తిగా తప్పు కాదు. సంకేతం అతి బలహీనంగా ఉన్నప్పుడు దాని నుండి ఎంత రాబట్టవచ్చునో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

రెండవ సంఘటన మరింత ప్రసిద్ధమైనది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రాన్ని కప్పుతుందని ముందే లెక్కగట్టారు. గ్రహపు వ్యాసాన్ని, వాయుమండలాన్ని కొలవడానికి ఇది మంచి అవకాశం. నీడ భూమి మీద ఎక్కడ పడుతుందో ఖచ్చితంగా తెలియదు గనుక అనేక ప్రదేశాల నుండి పరిశీలించాలని ఏర్పాటు జరిగింది. అమెరికాకు చెందిన జేమ్స్ ఇలియట్ బృందం దూరదర్శిని అమర్చిన విమానంలో హిందూ మహాసముద్రం మీద ఎగిరింది. ఆస్ట్రేలియాలోని పెర్త్, దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్, కావలూరు నేల మీది నుండి చూశాయి. కావలూరులో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి ఒక మీటరు దూరదర్శిని వద్ద ఉన్నారు.

గ్రహం నక్షత్రాన్ని చేరడానికి ఇంకా చాలా సమయం ఉండగానే నక్షత్రపు వెలుగు కొన్ని సెకన్ల పాటు పడిపోయి మళ్ళీ యథాస్థితికి వచ్చింది. ఏ మబ్బుతునకో అడ్డువచ్చిందా? దూరదర్శిని గురి తప్పిందా? విద్యుత్ సరఫరాలో లోపమా? ఒక్క చోట నుండి చూసినవారికి దీనిని తేల్చడం దుర్లభం. కావలూరు శాస్త్రవేత్తలు ఆ సంకేతం నిజమైనదని నిశ్చయించారు. ఆకాశంలో ఏదో వస్తువు నక్షత్రాన్ని కప్పిందన్నది స్పష్టం. ఆ వస్తువు ఏమిటి అన్నచోట మాత్రం వారి మొదటి అన్వయం పొరపాటైంది. అది యురేనస్‌కు ఇంతవరకు తెలియని మరొక ఉపగ్రహమని నేచర్ పత్రికలో ప్రకటించారు. ఒక తగ్గుదలను చూసినవారు ఒక వస్తువును ఊహించడం సహజమే.

విమానంలో ఉన్న బృందానికి గ్రహానికి ఒక వైపున ఇటువంటి తగ్గుదలలు అయిదు, గ్రహం దాటిన తరువాత రెండవ వైపున అవే దూరాలలో మళ్ళీ అయిదు కనిపించాయి. ఉపగ్రహాలు ఇలా రెండు వైపులా జతలుగా ఉండే అవకాశం లేదు. గ్రహం చుట్టూ సన్నని వలయాలు ఉంటేనే ఇది పొసగుతుంది. శనికి తప్ప మరే గ్రహానికీ వలయాలు లేవని మూడు వందల సంవత్సరాలకు పైగా ఉన్న నమ్మకం ఆ రాత్రితో ముగిసింది. పెర్త్, కేప్ టౌన్, కావలూరుల నమోదులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అన్నీ ఆ వలయాలతో సరిపోయాయి. కావలూరులో కనిపించిన తగ్గుదల కూడా వలయాలకు చెందినదే.

కావలూరు బృందం తమ మొదటి మాటకు పట్టుబట్టి కూర్చోలేదు. బప్పు, భట్టాచార్య తమ నమోదును మళ్ళీ క్షుణ్ణంగా పరీక్షించి, యురేనస్ చుట్టూ శనిగ్రహపు వలయాల వంటి వ్యవస్థ ఉందని వివరిస్తూ అదే సంవత్సరం నేచర్ పత్రికలో మరొక వ్యాసం ప్రచురించారు. 1986 జనవరిలో వాయేజర్-2 నౌక యురేనస్‌ను దాటినప్పుడు ఆ వలయాల ఛాయాచిత్రాలు లభించాయి. వాటిని చూడటానికి బప్పు జీవించి లేడు.

ఆవిష్కరణ ఘనతలో ప్రధాన భాగం ఇలియట్ బృందానికే చెందింది, అది న్యాయమే. అయితే నిర్మాణమై అయిదేళ్ళయినా నిండని దూరదర్శినితో, ఒక అడవి గ్రామం నుండి, ప్రపంచపు పెద్ద వేధశాలల సరసన నిలబడగలిగిన కొలత రావడం బప్పు పట్టుదలకు నిదర్శనం.

సంఘాలు, పదవులు

1972లో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం కేంద్రంగా భారత ఖగోళ సంఘం ఏర్పడింది. బప్పు దానికి మొదటి అధ్యక్షుడు. తాను పెరిగిన నగరంతో అతని అనుబంధం ఆ విధంగా కొనసాగింది. 1970లో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి మెక్సికోకు భారతీయ బృందాన్ని తీసుకువెళ్ళాడు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణపు దారి కర్ణాటక, ఆంధ్ర ప్రదేశ్‌ల మీదుగా సాగింది. రంగాపూరు వేధశాల సరిగ్గా ఆ దారిలోనే ఉన్నది. ఆ రోజు అనేక నగరాలలో జనం తలుపులు మూసుకొని ఇళ్ళలో కూర్చుండగా, దేశవిదేశాల శాస్త్రవేత్తలు తెలంగాణ, కర్ణాటక పొలాలలో గుడారాలు వేసుకున్నారు.

అంతర్జాతీయ ఖగోళ సంఘానికి బప్పు 1967 నుండి 1973 వరకు ఉపాధ్యక్షుడిగా ఉన్నాడు. 1979లో మాంట్రియల్ మహాసభలో అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 1970లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, 1981లో పద్మభూషణ్ పురస్కారం ఇతనికి లభించాయి.

మరణం, స్మృతి చిహ్నాలు

1982 ఆగష్టులో గ్రీసు దేశంలోని పత్రాస్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘ మహాసభ జరిగింది. అధ్యక్షుడిగా బప్పు ఆ సభను నిర్వహించవలసి ఉంది. సభకు ముందే అనారోగ్యం పాలై, జర్మనీలోని మ్యూనిక్‌లో గుండె శస్త్రచికిత్స చేయించుకున్నాడు. సభ జరుగుతుండగానే, ఆగష్టు 19న అక్కడే మరణించాడు. అప్పటికి ఇతని 55వ జన్మదినం గడిచి తొమ్మిది రోజులు.

బప్పు మొదలుపెట్టిన 2.34 మీటర్ల దూరదర్శిని అతని సహచరుల చేతులలో పూర్తయింది. 1986 జనవరి 6న అప్పటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ కావలూరుకు వచ్చి దానికి వైను బప్పు దూరదర్శిని అని, వేధశాలకు వైను బప్పు వేధశాల అని పేర్లు పెట్టాడు. భారత ఖగోళ సంఘం ఇతని పేరిట యువ శాస్త్రవేత్తలకు బంగారు పతకం ఇస్తుంది. 2596 సంఖ్య గల గ్రహశకలానికి కూడా ఇతని పేరు ఉంది.

బేగంపేటలో బప్పు తండ్రి తరం వారు కొలిచిన నక్షత్రాల స్థానాలు వృథా పోలేదు. హిప్పార్కస్ ఉపగ్రహం సేకరించిన కొలతలతో ఆ పాత పట్టికలను సరిపోల్చి, 25 లక్షల నక్షత్రాలు దశాబ్దాలుగా ఆకాశంలో ఎంతెంత కదిలాయో లెక్కగట్టారు. ఆ ఫలితం 2000 సంవత్సరంలో టైకో-2 పట్టికగా వెలువడింది. హైదరాబాదు వంతు పట్టీలు కూడా అందులో ఉన్నాయి.